ఎత్తని కలశం

ఈశ్వరిని మనం, ఆమె పనిచేసే గాలిమర రెక్కల కంపెనీ పెద్ద షెడ్డులో, కలశం పక్కన కూర్చోబెట్టి వచ్చాం. ఆయుధపూజకని అందరికీ సెలవిచ్చి, మనిషి అలికిడి లేని వేళ చూసి, రెక్కలు పోసే అచ్చును బండ్ల మీద ఎక్కించి పంపెయ్యాలని కంపెనీ అనుకున్నది. ఆ సంగతి చెవిన పడి, అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ముందురోజు పెట్టిన పూజ ఎత్తాలని చెప్పి దశమి పొద్దున లోపలికి వచ్చారు. వచ్చి, ఎత్తకుండా కూర్చున్నారు. అంతలో కొక్కెం వేలాడేసుకుని క్రేను షెడ్డు వాకిట్లోకి వచ్చి నిలబడింది. ముందు భాగాలు చదవనివాళ్ళు కూడా ఇక్కడినుంచి వెంట రావచ్చు.

క్రేను ఇంజను ఆగింది. ఆ చప్పుడు ఆగేసరికి షెడ్డు రేకులు ఎండకు టప్పుటప్పుమనడం వినిపించసాగింది. బయట కంచె అవతల చెనక్కాయ చేలు ఎర్రగా ఎండిపోయి ఉన్నాయి. గాలికి మాత్రం కొదవలేదు. ఈ నేల మీద వాన తప్పుతుందేమో గానీ గాలి ఎన్నడూ తప్పలేదు. దాన్ని నమ్ముకునే కంపెనీ ఇక్కడికి వచ్చింది.

అచ్చు అంటే చిన్నదేమీ కాదు. ఈ కొసన నిలబడి చూస్తే ఆ కొసన ఉన్న మనిషి చంటిబిడ్డంత కనిపిస్తాడు. గాలిమర రెక్కకు వీపు ఒక అచ్చులో, పొట్ట ఇంకో అచ్చులో తయారవుతాయి. రెండింటిలోనూ తెల్లటి గాజుబట్ట పొరలు పొరలుగా పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, లోపలి గాలంతా పంపుతో లాగేసి, జిగురు తాగిస్తారు. అది గట్టిపడ్డాక పై అచ్చును కింది అచ్చు మీద బోర్లిస్తే రెండు ముక్కలూ అతుక్కుని రెక్క అవుతుంది. రెండు చేతులూ కలిస్తేనే దండం అయినట్టు, రెండు అచ్చులూ ఉంటేనే రెక్క.

కలశం, కింది అచ్చు మొదట్లో, ఇనుప గట్టు మీద ఉంది. రాగిచెంబు, మామిడాకులు, పసుపు పూసిన టెంకాయ. దాని ముందు గాజుబట్ట కత్తిరించే కత్తెరలు, జిగురు అదిమే రోలర్లు, ఆడవాళ్ళు ముఖానికి కట్టుకునే గుడ్డలు కూడా. అన్నిటికీ బొట్లు పెట్టి ఉన్నాయి.

ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పూజకు పెట్టిన పనిముట్టును మళ్ళీ పట్టుకోవాలంటే, కలశం పెట్టిన చెయ్యే దాన్ని కాస్త కదిపి, మళ్ళీ ఏడాదికి రమ్మని చెప్పి ఎత్తాలి. అంతదాకా కొడవలైనా, కుట్టుమిషనైనా, లారీ అయినా ముట్టరు. ముట్టినవాడిని పోలీసులేమీ పట్టుకుపోరు. కానీ ఆ ఏడాది వాడింట్లో ఎద్దు కుంటినా, బోరు ఎండినా, బిడ్డకు జ్వరమొచ్చినా ఊరంతా ఆ చేతినే చూస్తుంది.

ఇక్కడ కలశం పెట్టిన చెయ్యి తిమ్మమ్మది. బట్ట కత్తిరించే బల్ల దగ్గర పనిచేసే తిమ్మమ్మ అందరికంటే పెద్దది, అందరికంటే నోరున్నది. కలశానికి ఆ పక్క ఆమె, ఈ పక్క ఈశ్వరి, వాళ్ళ వెనక మిగిలిన ఆడవాళ్ళు, పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు కుదురుగా కూర్చుని ఉన్నారు.

శశికుమార్ లోపలికి వచ్చాడు. కంపెనీ పనివాళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసరు. పరాయివాడు కాదు, కళ్యాణదుర్గం పిల్లవాడే. షెడ్డు కట్టిన కొత్తలో ఊరూరా తిరిగి, చేలో కలుపు తీసే చేతులే మాకు కావాలని ఈ ఆడవాళ్ళను పిలుచుకొచ్చిందీ అతనే. అందుకే అతన్ని చూస్తే ఈశ్వరికి కోపం కంటే ముందు బాధ వచ్చింది.

అతను నవ్వుతూ మొదలుపెట్టాడు. పండగ పూట ఇళ్ళల్లో ఓళిగలు చేసుకోకుండా ఇక్కడ కూర్చున్నారేమని అడిగాడు. చేసుకుని, తిని, మిగిలినవి డబ్బాలో పెట్టుకుని వచ్చామనీ, కావాలంటే అతనికీ ఒకటి పెడతాననీ తిమ్మమ్మ అంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. శశికుమార్ నవ్వు అక్కడితో ఆగిపోయింది.

తర్వాత అతను చెప్పవలసింది చెప్పాడు. ఇప్పుడు రెక్కలు ఇంకా పొడుగు చేస్తున్నారట. అంత పొడుగు రెక్క ఇక్కడి రోడ్ల మలుపుల్లో తిరగదట. అందుకని సముద్రం పక్కన కొత్త షెడ్డు కట్టారు, ఈ అచ్చును అక్కడికి తీసుకుపోయి సాగదీసి వాడుకుంటారు. ఇది పెద్దవాళ్ళు తీసుకున్న నిర్ణయం, తన చేతిలో ఏమీ లేదు. మరి మా సంగతేమిటని ఈశ్వరి అడిగింది. కంపెనీ ఆలోచిస్తుంది అన్నాడు.

"ఆలోచించేదేదో మా ముందర కూసోని ఆలోచించమను," అంది ఈశ్వరి. "పెద్ద సారు రావల్ల. ఈ షెడ్డులో రేపటినుంచి ఏం పని ఉండాది, లేకుంటే మాకేం దారి, ఆ మాట ఆయప్ప నోటితో చెప్పల్ల. చెప్పినాక అచ్చు మీ ఇష్టం. పండగ పూట దొంగ మాదిరి ఎత్తుకపోతామంటే మాత్రం కుదరదు."

చెప్పి, కొంగు సర్దుకుని ఇంకాస్త కుదురుగా కూర్చుంది.

ఈశ్వరికి సాగనంపడం చిన్నప్పటినుంచీ పడదు. వాన ఎగ్గొట్టిన ఏళ్ళలో ఆమె పుట్టిన వీధిలో ముందు మూటలు కట్టే చప్పుడు వినిపించేది, ఆ వెనక బస్సు హారను. నాయన పోయాడు. పెద్దక్క పోయింది. ఎదురింటివాళ్ళు మేకను కూడా వెంటబెట్టుకుని పోయారు. పెళ్ళయ్యాక మొగుడు తిప్పేష్ సెంట్రింగు పనికని బెంగళూరు బస్సెక్కాడు. మొదట్లో అమావాస్య అమావాస్యకూ వచ్చేవాడు. తర్వాత ఉగాదికి వచ్చాడు. తర్వాత ఫోనులో మాట్లాడాడు. ఇప్పుడు ఆ ఫోను ఎవరో ఆడమనిషి ఎత్తుతుంది. బస్సెక్కినవాళ్ళలో ఒక్కరూ ఇంక రామని చెప్పి ఎక్కలేదు. అదే ఆమెను లోలోపల తినేసింది. ఇదే ఆఖరుసారని తెలిసుంటే ఇంకొంచెంసేపు చెయ్యి పట్టుకుని ఉండేదాన్ని కదా అని, పోయిన ప్రతి మనిషి గురించీ ఆమెకు అనిపిస్తూనే ఉంటుంది. తయారైన రెక్క బండెక్కి గేటు దాటే రోజు మిగతా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు, తిమ్మమ్మ దానికి దిష్టి తీసేది. ఈశ్వరి మాత్రం చేతులు కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి పోయి, బండి చప్పుడు వినపడనంత దూరం పోయాక తిరిగి వచ్చేది.

ఈ షెడ్డు వచ్చాకనే ఆ ఊళ్ళలో కొన్ని మూటలు విప్పారు. అచ్చు పోతే మళ్ళీ కడతారు. ఈసారి ఈ ఆడవాళ్ళే బస్సెక్కుతారు, ఒకరు బెంగళూరుకు, ఒకరు బళ్ళారికి, తలా ఒక దిక్కుకు. ఈసారి పంపేది లేదు అనుకుని ఆమె వచ్చి కూర్చుంది.

శశికుమార్ ఇక ఆమెతో లాభం లేదనుకుని తిమ్మమ్మ వైపు తిరిగాడు. దశమి వచ్చేసింది కదా, పొద్దు కూడా ఎక్కింది, పెట్టిన కలశం ఎత్తడం ధర్మమే కదా అన్నాడు.

"ఎత్తేదాన్ని నేనే నాయనా," అంది తిమ్మమ్మ. "ఎప్పుడు ఎత్తల్లో కలశంలో ఉండే ఆయమ్మ నాకు చెప్తుంది. ఇంగా చెప్పలే."

"ఎప్పుడు చెప్తుంది?"

"మీ పెద్ద సారు మాదిరే. పెద్దోళ్ళు ఆలోచిస్తాండారు."

ఈసారి నవ్వు వెనక వరసల్లోంచే కాదు, వాకిట్లోంచి కూడా వచ్చింది. క్రేను నడిపే సుంకన్న గడపలో నిలబడి చూస్తున్నాడు. గుంతకల్లు వైపు మనిషి, మెడలో ఎర్ర తువ్వాలు. శశికుమార్ అతనికి కొక్కెం తగిలించమని చెప్పాడు. కలశం ఎలా ఉన్నదో అలాగే ఉండనీ, అచ్చు ఆ కొసన గొలుసు వేసి లేపితే సరిపోతుందన్నాడు. సుంకన్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తన బండికి తాను పొద్దున్నే పూజ ఎత్తుకుని వచ్చాననీ, వీళ్ళది వీళ్ళు ఎత్తనిదే తాను గొలుసు వెయ్యననీ నెమ్మదిగా చెప్పాడు. ఇంకో క్రేనును పిలిపిస్తానని శశికుమార్ బెదిరించాడు.

"పిలిపీండి సార్," అన్నాడు సుంకన్న. "వచ్చేవాడూ వాని బండికి పూజ చేసుకొనే వస్తాడు."

శశికుమార్ ఫోను చెవికి పెట్టుకుని అచ్చు పొడవునా నడుచుకుంటూ అవతలి కొసకు పోయాడు. అంత దూరం నుంచి మాటలు వినిపించవు. చెయ్యి మాత్రం ఊపుతూ, తల ఆడిస్తూ, మధ్యమధ్య ఇటువైపు చూస్తూ చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని నడక మారింది. ఈశ్వరిని దాటాడు, తిమ్మమ్మను దాటాడు. స్తంభానికి ఆనుకుని కూర్చున్న సారా దగ్గరికి పోయి, ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

సారా నిన్న పూజప్పుడు కూడా ఆ స్తంభం దగ్గరే కూర్చుంది. ఆమె బొట్టు పెట్టుకోదు, హారతి కళ్ళకద్దుకోదు, గుగ్గిళ్ళు మాత్రం అడిగి మరీ రెండోసారి పెట్టించుకుంటుంది. గాజుబట్ట పరిచేటప్పుడు ఈశ్వరికి ఎదురు చెయ్యి ఆమెదే. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు బట్ట అంచు పట్టుకుని, ఒక్క ఊపిరిలో వదలాలి. ఒకరు ముందు వదిలితే ముడత పడుతుంది, ముడత పడిన చోట రెక్క విరుగుతుంది. ఇన్నాళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదులుదామా అని నోటితో అడిగింది లేదు. కళ్ళు చూసుకునేవాళ్ళు, అంతే.

శశికుమార్, సారా ఒకే చర్చికి పోతారు. అతను గొంతు తగ్గించాడు గానీ ఆ రేకుల కింద ఏ మాటా దాగదు. మనిద్దరికీ దీంతో ఏమీ లేదక్కా అన్నాడు. వాళ్ళకు అది దేవత, మనకు అది చెంబు. నువ్వు తీసి పక్కన పెట్టు చాలు, మిగిలింది నేను చూసుకుంటా. కొత్త షెడ్డులో నీకూ నీ ఇంటాయనకూ పని, ఉండటానికి కోటర్సు. నేను మాట ఇస్తున్నా.

ఈశ్వరి ప్రతి మాటా విన్నది. ఎందుకు పోకూడదు సారా? ఆమె మొగుడు దుమ్ము పడక రాయి కొట్టే పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు. ఆ సముద్రం పక్కన ఇల్లుంటుంది, ఇద్దరికీ పనుంటుంది. ఈ కలశంతో ఆమెకేం సంబంధం? ఈమె కూడా పోతుంది అనుకుంది ఈశ్వరి. ఎన్నడూ లేనిది, ఈసారి పోవడాన్ని ముందుగా చూస్తున్నాను, చూస్తూ కూడా పట్టుకోలేను అనుకుంది. సారా వైపు చూడకుండా కలశం మీద టెంకాయనే చూస్తూ కూర్చుంది.

సారా లేచింది. చీరకు అంటుకున్న గాజుబట్ట నూగు దులుపుకుంది.

"శశీ," అంది. షెడ్డులో ఆమె అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. "చర్చిలో నువ్వు నాకు తమ్మునివి. ఆడ ఏం చెప్పినా వింటా. ఈడ నేనొక మాట అడుగుతా, చెప్పు. అది ఉత్త చెంబే అయితే నువ్వే ఎత్తచ్చు కదా. నా చెయ్యి ఎందుకు?"

అతను కూడా లేచి నిలబడ్డాడు.

"నువ్వు ఎత్తవు. రేపు ఊర్లో ఎవురెత్తినారంటే ఒక పేరు కావల్ల. కంపెనీ ఎత్తింది అనరు, సారా ఎత్తింది అంటారు. ఆ పొద్దు నుంచి మా పిల్లోళ్ళు వీళ్ళ వీధిలో నడవల్లంటే తల వంచుకోని నడవల్ల. నువ్వు అప్పటికి సముద్రం పక్కన ఉంటావు."

"నేనట్ల అనుకోలేదక్కా."

"నువ్వు అనుకోలేదు. ఫోన్లో చెప్పినోళ్ళు అనుకున్నారు. నువ్వు చదువుకున్నోనివి, నీకు తెల్లేదంటే ఎట్ల నమ్మేది?" ఆమె గొంతులో కోపం లేదు. ఆదివారం పూట పిల్లలకు వాక్యం చెప్పినట్టే చెప్పింది. "నాకు ఆ చెంబులో దేవుడు లేడు. ఉన్నాడని నేనెన్నడూ అనలే, వీళ్ళూ అనమని నన్ను అడగలే. దాన్ని నేను మొక్కను. ముట్టను కూడా ముట్టను. నీ పెద్ద సారుకు అది చెప్పు."

చెప్పి ఆమె మళ్ళీ స్తంభం దగ్గర కూర్చోలేదు. వరస దాటి వచ్చి, ఈశ్వరి పక్కన చోటు చేసుకుని, కలశానికి చేతిదూరంలో కూర్చుంది. ఈశ్వరి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఈమెకు గుగ్గిళ్ళు పెట్టండే," అంది తిమ్మమ్మ వెనక్కి తిరిగి. "అడగకముందే రెండుసార్లు పెట్టండి."

శశికుమార్ ముఖం నల్లబడింది. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. సరే, కూర్చోండి, ఎంతసేపు కూర్చుంటారో కూర్చోండి అని, నీళ్ళ క్యానులు కూడా పంపిస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళు పట్టలేని సంతోషంతో ఓళిగల డబ్బాలు తెరిచారు. గెలిచామనే అనుకున్నారు. ఒకామె శశికుమార్ గొంతుక్కూర్చున్న తీరు చేసి చూపిస్తుంటే, మిగిలినవాళ్ళు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఈశ్వరికి మాత్రం నోట్లో పెట్టుకున్న ముక్క దిగలేదు. ఇంత సులువుగా పోయాడేమి? కూర్చోండి అన్నాడేమి? లేవమన్నవాడు కూర్చోమని నీళ్ళు పంపిస్తానంటే, అందులో ఏదో ఉంది. మంచి జరిగినప్పుడు కూడా దాని వెనక కీడును వెతకడం ఆమె రోగమని తిమ్మమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ రోగం ఇప్పుడు ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

సుంకన్న తాగడానికి నీళ్ళడుగుతూ లోపలికి వచ్చాడు. తిమ్మమ్మ అతనికి నీళ్ళతోబాటు ఓళిగ కూడా పెట్టింది. నిలబడే తిన్నాడు. తింటూ రెండుసార్లు ఏదో చెప్పబోయి మానుకోవడం ఈశ్వరి చూసింది. ఏందన్నా, ఏదో నాలిక మీదికి వచ్చి పోతాండాది అని తానే అడిగింది.

"మీరు ఈ అచ్చును కాచుకోని కూసున్నారు, బాగుండాది," అన్నాడు సుంకన్న. "పైదాన్ని ఎవురు కాస్తాండారు?"

పై అచ్చు వెనక షెడ్డులో ఉందని ఈశ్వరి చెప్పింది. నునుపు పట్టాలని పోయిన వారమే అక్కడ పెట్టారు, టార్పాలిను కప్పి ఉంది. నిన్న ఆ షెడ్డుకు తాళం ఉండేసరికి, కిటికీ దగ్గర నిలబడి బయటినుంచే హారతి చూపించి వచ్చారు.

సుంకన్న చేతిలో మిగిలిన ముక్కను చూసుకున్నాడు. "ఆ హారతి ఇనప చట్రానికి చూపించినారక్కా. టార్పాలిను కింద ఉండేది అదే. అచ్చును మొన్న సాయంత్రం నేనే ఎత్తి బండి మీద పెట్టినా."

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"మీ సంగతి నాకు తెల్దు," అన్నాడతను. "తెలిసుంటే ఎత్తకపోదునా అంటే, అదీ చెప్పలేను. నాకూ పిల్లోళ్ళుండారు."

బండి ఎంత దూరం పోయి ఉంటుందని సారా అడిగింది. ఎక్కడికీ పోలేదట. కళ్యాణదుర్గానికి ఇవతల, రోడ్డు పక్క దాబా దగ్గర నిలిచి ఉంది. ఆ డ్రైవరు కూడా నిన్న తన బండిని పూజలో పెట్టాడు. పూజలో పెట్టిన బండిని కదిలించనని కంపెనీవాళ్ళ ముఖం మీదే చెప్పి, దాబాలో మంచమేసుకుని పడుకున్నాడు. ఈ మధ్యాహ్నం గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరతాడు. ఆ తర్వాత పెద్ద రోడ్డెక్కితే, ఎవరు ఆపినా ఆగదు.

ఈశ్వరికి శశికుమార్ గడియారం ఎందుకు చూసుకున్నాడో అర్థమైంది. వాళ్ళు ఇక్కడ కూర్చోవడమే అతనికి కావాలి. పై అచ్చు చేజారితే, కింది అచ్చు పశువుల తొట్టికి తప్ప దేనికీ పనికిరాదు. అప్పుడు పెద్ద సారు వచ్చేదీ ఉండదు, మాట చెప్పేదీ ఉండదు.

అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అందరం పోదామని కొందరన్నారు. అందరూ పోతే ఇక్కడ కలశాన్ని ఎవరో ఒకరు కాలితో తన్నేసి పోతారని కొందరన్నారు. చివరికి అంతా ఈశ్వరి వైపు చూశారు. ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. ఆ మాట అనడమే ఆమెకు చేతకావడం లేదు. గుంపును రెండుగా చెయ్యాలి. బండిని ఆపడానికి కొందరు పోవాలి, కలశాన్ని కాయడానికి కొందరు ఉండాలి. ఎవరు ఎవరిని విడిచి పోవాలో తన నోటితోనే చెప్పాలి.

"తిమ్మక్క నాతో వస్తుంది," అంది. "ఎత్తే చెయ్యి లోపల లేకుంటే, ఎత్తమని ఎవురిని అడుగుతారు?"

తిమ్మమ్మ అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

"సారా ఈడ ఉంటుంది. కలశం దగ్గర."

బొట్టు పెట్టుకోని మనిషి కలశానికి కాపలానా అని ఎవరికైనా అనిపించి ఉంటే, అది వాళ్ళ గొంతు దాటి రాలేదు. సారా మాత్రం కొంగు నడుముకు దోపుకుని, తిమ్మమ్మ లేచిన చోటికి జరిగి కూర్చుంది.

ఈశ్వరి ఆమె ముందు నిలబడింది. పోయొస్తా అనాలి. ఎంతోమంది ఆమెతో అని పోయిన మాట. అది నోటికి రాలేదు.

సారా ఆమె కళ్ళలోకి చూసింది, బట్ట అంచు పట్టుకున్నప్పుడు చూసినట్టే. "ఈసారికి నువ్వు ముందు వదులు," అంది. "ముడత పడితే నేను సరిచేస్తాలే. పో."

ఈశ్వరి, తిమ్మమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గేటు వైపు నడిచారు. ఆ డ్రైవరు తన మాట వింటాడని, సుంకన్న కూడా వెంట వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ బసప్ప కుర్చీలోంచి లేచి అడ్డంగా నిలబడ్డాడు. ఎవరి ముఖమూ చూడకుండా, నేల చూస్తూ చెప్పాడు. బయటికి పోయినవాళ్ళను మళ్ళీ లోపలికి రానివ్వద్దని ఇప్పుడే ఫోను వచ్చిందట. తనను తిట్టుకోవద్దన్నాడు. పోయేముందు ఆలోచించుకోమన్నాడు.

ఈశ్వరి వెనక్కి తిరిగి చూసింది. షెడ్డు వాకిలి నల్లగా, చిన్నగా కనిపించింది. లోపల ఎవరున్నారో కనిపించలేదు. ఈ గేటు దాటితే, లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే. ఆమె భయపడిన సంగతే ఇది, పుట్టినప్పటినుంచీ. తేడా ఒక్కటే. ఇన్నాళ్ళూ ఎవరో పోతుంటే ఆమె నిలబడి చూసింది. ఇవాళ పోతున్నది ఆమె.

"రానీయద్దన్నారు, పోనీయద్దన్లేదు కదా బసప్పన్నా," అంది. "తెరువు."

బసప్ప తెరిచాడు. వాళ్ళు దాటగానే వెనక గేటు పడింది, గడియ పడింది, తాళం కూడా పడింది.

రోడ్డు మీద ఆంజినప్ప ఆటో ఉంది. రోజూ ఆడవాళ్ళను పనికి తెచ్చేవాడే. ఎక్కడికని అడగకుండానే స్టార్టు చేశాడు. ఆడవాళ్ళు వెనక ఇరుక్కున్నారు, సుంకన్న ముందు సీటు అంచున కూర్చున్నాడు. ఆటో కంపెనీ గోడ వెంబడి పోయి మలుపు తిరగబోతోంది.

అప్పుడు గోడ లోపలినుంచి క్రేను ఇంజను మోగింది.

ఆంజినప్ప బ్రేకు వేశాడు. అందరూ సుంకన్న వైపు చూశారు. అతను చొక్కా జేబు తడుముకున్నాడు, పాంటు జేబు తడుముకున్నాడు.

"తాళంచెవి దానికే ఉండిపోయింది," అన్నాడు. "ఈడ దాన్ని నడపడం వచ్చినోడు ఇంకెవడూ లేడక్కా."

తిమ్మమ్మ ఈశ్వరి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక్కి పోతే గేటు తెరవరు. ముందు దాబా దగ్గర ఈపాటికి గుమ్మడికాయ తెచ్చి ఉంటారు. ఆంజినప్ప అద్దంలో ఈశ్వరి ముఖాన్నే చూస్తున్నాడు.

"ముందుకే పోనీ అన్నా," అంది ఈశ్వరి. "సారా లేయదు."

ఆటో కదిలింది. గోడ పైన క్రేను చెయ్యి నిదానంగా లేచి, ఒకసారి తడబడి, షెడ్డు వైపు తిరిగింది. దాన్ని నడుపుతున్నది ఎవరో అక్కడినుంచి కనిపించలేదు.